పాత స్విఫ్ట్‌కి ఏ సైజు టైరు? మా మేనల్లుడితో నా పేచీ

"మావయ్యా, కారంతా సూపరు కానీ కాళ్ళే కోడి కాళ్ళలా ఉన్నాయి" అన్నాడు మా మేనల్లుడు. సంక్రాంతికి గుంటూరు నుంచి వచ్చాడు, బ్యాగు కూడా కింద పెట్టలేదు, గేటు దగ్గరే నిలబడి తీర్పు ఇచ్చేశాడు. బీటెక్ మూడో సంవత్సరం, వాడికి కారు లేదు కానీ కార్ల మీద అభిప్రాయాలు మాత్రం మిర్చి యార్డులో టిక్కీల్లాగా గుట్టలుగుట్టలు. ఫోన్ తీసి ఎవరిదో స్విఫ్ట్ ఫోటో చూపించాడు, నేలకి అంటుకుపోయి ఉంది, నల్లటి 17 అంగుళాల అల్లాయ్స్ (అల్యూమినియం రిమ్ములు), టైరేమో రిమ్ము చుట్టూ కట్టిన రిబ్బనులా ఉంది. "ఇవి వేయించు, నీ కారు లెవెలే మారిపోద్ది."

నవ్వి ఊరుకున్నా. వాడు ఒకటో క్లాసులో ఎక్కాలు చదివే రోజుల్లో ఇదే కారుకి ఇవే 17లు వేయించి పదకొండు నెలలు తిప్పానని వాడికి తెలీదు. అయితే రాత్రి పడుకున్నాక ఆ మాట వదల్లేదు, ఎందుకంటే టైర్లు మార్చే టైమ్ నిజంగానే వచ్చేసింది, వాడు అనకపోయినా ఈ నెలలో నేనే ఆటోనగర్ వెళ్ళాలి.

ముందు కారు సంగతి. 2006 స్విఫ్ట్ జెడ్ఎక్స్ఐ, 1.3 పెట్రోలు, 87 హార్స్‌పవర్. 2010లో గుంటూరులో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. స్విఫ్ట్‌ని స్పోర్ట్స్ కార్ అంటావేంట్రా అని నవ్వేవాళ్ళు నవ్వుకోండి, ఇదే తరం బాడీని బయట దేశాల్లో 1600 సీసీ, 125 హార్స్‌పవర్‌తో స్విఫ్ట్ స్పోర్ట్ అని అమ్మారు, దీని ర్యాలీ బండి 2007లో జూనియర్ వరల్డ్ ర్యాలీ ఛాంపియన్‌షిప్ గెలిచింది. మా ఇంట్లో ఉన్నది దానికి పేద చుట్టం, అంతే. ఇన్నేళ్ళలో దీనికి ఫ్రీ ఫ్లో ఎగ్జాస్టు వేయించా, ఎయిర్ ఫిల్టర్ మార్పించా, స్ప్రింగులు ఓ అంగుళం కిందకి దింపా, కాస్త గట్టి షాకబ్జర్లు బిగించా. ఇంజిన్ పవర్ ఎంత పెరిగిందంటే చెప్పలేను, ఓ అయిదారు పెరిగి ఉంటే గొప్ప. వెయ్యి కిలోల చిల్లర బరువున్న కారు కాబట్టి ఉన్న పవరే సరదాగా ఉంటది. ఆదివారం తెల్లారుజామున బ్యారేజీ దాటి ఉండవల్లి మీదుగా కరకట్ట రోడ్డెక్కితే, అరవై డెబ్బైలోనే, ఆ ఇరుకు మలుపుల్లో స్టీరింగు చేతిలో మాట్లాడుతున్నట్టు ఉంటది. నాకు కావాల్సింది ఆ మాట పోకుండా ఉండటం.

ఇక టైర్లెందుకు మార్చాలంటే, అరిగి కాదు. అప్పటికి ఉన్నవి 185/70 ఆర్14 (అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 14 అంగుళాలు), కంపెనీ ఇచ్చిన సైజే, 2019లో వేయించినవి. గాడుల లోతు ఇంకా నాలుగు మిల్లీమీటర్లుంది, రూలు ప్రకారం 1.6 దాకా వాడొచ్చు. కానీ సైడ్ వాల్ మీద నాలుగంకెల నంబరు ఉంటది చూడండి, నాది 2319, అంటే 2019లో 23వ వారంలో తయారైన టైరు. మన బెజవాడ ఎండలో ఇన్నేళ్ళు మగ్గిన రబ్బరు గోరు పెట్టి నొక్కితే దిగట్లేదు, చెప్పు కింద సోలు లాగ గట్టిపడిపోయింది. మొన్న అక్టోబర్ వానలో బందరు రోడ్డు మీద ఒక సిగ్నల్ దగ్గర మామూలుగానే బ్రేకు తొక్కా, ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) గడగడమని కొట్టుకుంది, ముందున్న ఆటోకి మూరెడు దూరంలో ఆగా. ఆటోలో వెనక కూర్చున్న పెద్దావిడ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

లెక్క కుదిరింది, అదే అసలు ఇబ్బంది

టైరు సైజు మార్చాలనుకునే ప్రతివాడూ మొదట చేసే పని, మొత్తం ఎత్తు లెక్కేయడం. మొత్తం చక్రం ఎత్తు పాతదానికి దగ్గరగా ఉంటే స్పీడోమీటరు తప్పు చూపించదు, గేర్లు బరువెక్కవు, ఫెండర్‌కి (చక్రం పైన ఉండే బాడీ అంచుకి) తగలదు అని. మంచి రూలే. నేను కూడా ఒక పాత డైరీలో వేసుకున్నా.

నా 185/70 ఆర్14 ఎత్తు 614.6 మిల్లీమీటర్లు. 195/60 ఆర్15 అయితే సరిగ్గా 615. మా వాడు చెప్పే 205/45 ఆర్17 అయితే 616.3. జపాన్, యూరప్‌లలో అమ్మిన స్విఫ్ట్ స్పోర్ట్‌కి కంపెనీ వేసిన 195/50 ఆర్16 అయితే 601.4. తర్వాతి తరం స్విఫ్ట్‌కి ఇక్కడ వచ్చిన 185/65 ఆర్15 అయితే 621.5. అన్నీ రెండు రెండున్నర శాతం లోపే. అంటే లెక్క ప్రకారం ఏది వేసినా "ఓకే" అనే వస్తది, పద్నాలుగు నుంచి పదిహేడు దాకా. అందరినీ పాస్ చేసే పరీక్షతో ఎవర్ని ఎంచుకుంటాం? అయినా మనవాళ్ళు చాలామంది ఆ ఒక్క లెక్క చూసుకుని, కుదిరింది కదా అని డబ్బులు కట్టేసి వస్తారు. 2012లో నేనూ అంతే.

ఎత్తు మారకుండా రిమ్ము పెరిగిందంటే తరిగింది ఏంటి? మధ్యలో ఉండే రబ్బరు గోడ. నా పద్నాలుగుకి ఆ గోడ 129 మిల్లీమీటర్ల పైనే, పదిహేనుకి 117, పదహారుకి 97, పదిహేడుకి 92. గుంటలో పడినప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ఉండేది ఆ గోడా, అందులో గాలీ, అంతే, ఇంకేం లేదు. 129 నుంచి 92కి దిగితే దాదాపు నాలుగు సెంటీమీటర్లు పోయినట్టు. సెప్టెంబర్ 2024లో బుడమేరు పొంగాక సింగ్ నగర్ వైపు తిరిగినవాళ్ళకి ఆ నాలుగు సెంటీమీటర్ల విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో రకం ఉన్నారు, ఎత్తు కావాలనే తగ్గించేవాళ్ళు. 195/60 ఆర్14 వేస్తే ఎత్తు 589.6కి పడిపోద్ది, నాలుగు శాతం తక్కువ, పికప్ చురుగ్గా అనిపిస్తది. నిజమే. కానీ కారు కూడా 12 మిల్లీమీటర్లు కిందకి దిగుద్ది, ఓడోమీటరు తిరగని కిలోమీటర్లు కూడా తిరిగినట్టు చూపిస్తది, హైవే మీద ఇంజిన్ ఎప్పుడూ ఓ పిడికెడు ఎక్కువ అరుస్తూ ఉంటది. స్ప్రింగులు దింపిన కారుకి అదొద్దు.

2012లో నేను చేసిన ఘనకార్యం

గుంటూరు బ్రాడీపేటలో ఒకతను 17 అంగుళాల అల్లాయ్స్ అమ్ముతున్నాడంటే బైకు మీద వెళ్ళి చూసి, బేరమాడి, మర్నాడు కారేసుకుని వెళ్ళి తెచ్చుకున్నా. రిమ్ములు సెకండ్ హ్యాండు, టైర్లు మాత్రం కొత్తవి కొన్నా, అదీ మంచి కంపెనీవి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తది.

బిగించేటప్పుడే అపశకునం. స్విఫ్ట్ వీల్ నట్లకి సన్నమర, 12 మిల్లీమీటర్ల స్టడ్డుకి 1.25 పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం). ఆ రిమ్ములతో వచ్చిన నట్లు 1.5 పిచ్‌వి, వేరే కంపెనీ కార్లవి. షాపులో కుర్రాడు చూసుకోకుండా నట్లు బిగించే గన్ను పెట్టి గిర్రున తిప్పేశాడు, రెండు స్టడ్లు మర పోయి కూర్చున్నాయి. పైగా రిమ్ము మధ్య బొక్క నా హబ్బు (రిమ్ము కూర్చునే ఇరుసు చివర) కంటే పెద్దది, హబ్బు 54.1, అది ఎంతో కొలవలేదు కానీ వేలు దూరేంత సందు. దానికి ఆ సందు నింపే రింగులు వేయాలని అప్పుడు నాకూ తెలీదు, షాపువాడికీ పట్టలేదు. తొంభై దాటితే స్టీరింగు వణుకు, మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాక ఒక పెద్దాయన చూసి రింగులు వేయమంటే అప్పుడు తగ్గింది.

కానీ నిజం దాచుకోకూడదు, మొదటి నెల నేను గాల్లో తేలాను. మంగళగిరి దాటి కాజా టోల్‌గేటు దాకా కొత్త హైవే మీద వెళ్ళొస్తుంటే కారు పట్టాల మీద పోతున్నట్టు ఉంది, స్టీరింగు ఇంత కదిపితే అంత తిరుగుతోంది, ఆలస్యం లేదు. ఇంటికొచ్చాక కారుని మూడు వైపుల నుంచి చూసి, నాలుగో వైపు గోడ ఉందని బాధపడిన రోజులు.

నాలుగో నెలలో ఏలూరు రోడ్డు మీద వాన నీళ్ళు నిండిన గుంట, లోతు తెలీలేదు, "ఠప్" మని చప్పుడు. దిగి చూస్తే ముందు ఎడమ రిమ్ము అంచు వంగింది, టైరు పక్కన నిమ్మకాయంత బుడిపె. బుడిపె వచ్చిందంటే లోపల దారాలు తెగినట్టే, ఆ టైరు ఇక ఇంటి ముందు ముగ్గులో పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు. రిమ్ము ఆటోనగర్‌లో బెండు తీయించా. పదకొండు నెలల్లో అలా మూడు రిమ్ములు, రెండు టైర్లు.

ఒకసారి అమ్మా నాన్నని, మా ఆవిడని ఎక్కించుకుని మంగళగిరి పానకాల స్వామి దగ్గరికి వెళ్తున్నాం. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ వెనక నుంచి గర్‌ర్‌మని చప్పుడు. ఆ అల్లాయ్స్ ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి కూర్చుంటదో చెప్పే కొలత) 35, కంపెనీ రిమ్ము కంటే బాగా తక్కువ, కాబట్టి చక్రం బయటికి తోసుకొచ్చి నలుగురు కూర్చోగానే ఫెండర్ అంచుకి రాసుకుంటోంది. మా నాన్న కాసేపు ఊరుకుని, "ఏరా, కారు పళ్ళు కొరుకుతోందేంటి?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ఇంట్లో ఏది చప్పుడు చేసినా వాడతారు.

పాత ఇనుప కొట్టు కాటా

చివరికి అమ్మేద్దామని నిర్ణయించుకున్న రోజు జరిగింది ఇది. పాత 14 సెట్టు మా భాయ్ షెడ్డులో అటక మీదుంది (భాయ్ అంటే మా మెకానిక్, ఇరవై ఏళ్ళుగా నా పిచ్చి భరిస్తున్న మనిషి). అది కిందకి దించుతుంటే ఒక చేత్తో దించేశాడు. పదిహేడుని ఎత్తడానికి మాత్రం రెండు చేతులూ పెట్టి "అబ్బా" అన్నాడు. ఎంత తేడా ఉంటదో చూద్దాం భాయ్ అని, పక్కనే పాత ఇనుప సామాన్ల కొట్టు ఉంటే వాళ్ళ కాటా మీద పెట్టాం. పద్నాలుగు, టైరుతో కలిపి, పద్నాలుగున్నర కిలోలు. పదిహేడు, టైరుతో కలిపి, పంతొమ్మిది.

నాలుగున్నర కిలోలు తేడా, నాలుగు చక్రాలకి పద్దెనిమిది. పద్దెనిమిది కిలోలు డిక్కీలో బియ్యం బస్తా లాగ వేసుకుంటే పెద్ద లెక్క కాదు. ఇది డిక్కీలో లేదు, చక్రంలో ఉంది, అందులో ఎక్కువ అంచుల దగ్గరుంది. బయల్దేరిన ప్రతిసారీ ఇంజిన్ ఆ బరువుని ముందుకి తోయడమే కాకుండా తిప్పాలి కూడా, బ్రేకు పట్టినప్పుడు ఆ తిరుగుడునంతా ఆపాలి, గతుకు వచ్చినప్పుడు షాకబ్జరు ఆ బరువుని పైకి ఎగరకుండా పట్టుకోవాలి. 87 గుర్రాల కారుకి ఎగ్జాస్టు మార్చి నేను సంపాదించిన అయిదారు గుర్రాలూ ఆ రిమ్ములే తినేశాయని అప్పుడర్థమైంది. ఎగ్జాస్టుకి ఒకసారి, రిమ్ములకి ఒకసారి డబ్బులు పెట్టి మళ్ళీ మొదటికి వచ్చానన్నమాట. కొట్టు ముసలాయన ఇదంతా చూసి "అమ్ముతావా బాబూ, అల్యూమినియం రేటు బానే ఉంది" అన్నాడు.

మరి ఆ మొదటి నెల?

ఇక్కడే నాకు ఏళ్ళ తరబడి తేలని అనుమానం ఒకటుంది. పదిహేడులు అంత చెత్తయితే, మొదటి నెల కారు అంత బాగా ఎందుకు నడిచింది? అబద్ధమా? కాదు, నిజంగానే బాగా నడిచింది.

దానికి జవాబు 2019లో దొరికింది. 14 మీద అప్పటిదాకా ఉన్న చవక టైర్లు అరిగిపోతే, ఈసారి సైజు ముట్టుకోకుండా అదే 185/70లో కాస్త మెత్తటి రబ్బరు ఉన్నవి, మంచివి వేయించా. మర్నాడు పొద్దున్నే కరకట్ట మీదికి వెళ్తే, మళ్ళీ అదే అనుభూతి! పట్టాల మీద పోతున్నట్టు, అదే మాట నా నోట్లోంచి వచ్చింది, అప్పుడు నాకే ఒళ్ళు జలదరించింది. 2012లో నేను పదిహేడులు వేయించినప్పుడు తీసి పక్కన పెట్టినవి డాక్టరు గారి కాలం నాటి ఆరేళ్ళ టైర్లు, రాళ్ళలా ఉన్నవి. వాటి స్థానంలో వచ్చినవి కొత్తవి, ఖరీదైనవి. నేను మార్చింది సైజు అనుకున్నా, నిజానికి ఒకేరోజు రెండు మార్చా, సైజూ మార్చా, రబ్బరూ మార్చా. పని చేసింది రబ్బరు, పేరొచ్చింది సైజుకి.

అందుకే ఎవరైనా "ఫలానా సైజు వేయించా, కారు మారిపోయింది బ్రో" అంటే నేను అడిగే మొదటి ప్రశ్న, పాత టైర్లు ఏ సంవత్సరానివి? పదిమందిలో ఎనిమిది మందికి తెలీదు. నా వాదన మొత్తం ఇదే: పాత కారుకి టైరు సైజు గురించి మనం పడే గొడవలో ముప్పావు వంతు అసలు సైజు గురించి కాదు. ముందు అదే సైజులో మంచి తాజా రబ్బరు వేసి ఓ నెల నడపాలి, ఇంకా ఏదన్నా తక్కువనిపిస్తే అప్పుడు ఒక్క అంగుళం పెంచాలి. ఒకేసారి మూడు అంగుళాలు పెంచితే ఏది ఎందుకు బాగుందో, ఏది ఎందుకు పాడైందో తెలుసుకునే దారే ఉండదు.

ఇదంతా మా మేనల్లుడికి భోజనాల దగ్గర చెప్పా. పులిహోర తింటూ ఓపిగ్గా విన్నాడు, ఆ తర్వాత తూటా పేల్చాడు: "మరి స్విఫ్ట్ స్పోర్ట్‌కి కంపెనీయే పదహారు వేసింది కదా మావయ్యా. సుజుకి ఇంజనీర్ల కంటే నీకు ఎక్కువ తెలుసా?"

మంచి ప్రశ్న. నిజం చెప్పాలంటే రెండు రోజులు తడుముకున్నా. 195/50 ఆర్16 అంటే గోడ 97 మిల్లీమీటర్లే, కంపెనీకి అది చాలనిపించింది. కానీ ఆ కారుకి 125 గుర్రాలు, ఆ టైరు సైజుకి తగ్గట్టే స్ప్రింగులు, షాకబ్జర్లు, బ్రేకులు అన్నీ కలిపి ఒకేచోట కూర్చుని తయారుచేశారు. మన స్విఫ్ట్‌కి ఇక్కడ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ కారు అడుగుకీ మధ్య ఎత్తు) 170 మిల్లీమీటర్లు ఇచ్చి, టైరు గోడ లావుగా ఉంచిందీ అదే సుజుకి ఇంజనీర్లే. అంటే వాళ్ళు మన రోడ్లు చూసే ఇచ్చారు. నేను స్ప్రింగులు దింపి అందులో పాతిక ఇప్పటికే తినేశా, ఇంకా 601 ఎత్తు టైరు వేస్తే మరో ఆరున్నర పోతది. వాళ్ళ పదహారు తెచ్చుకుంటే సరిపోదు, వాళ్ళ రోడ్లు కూడా తెచ్చుకోవాలి. అయినా ఒప్పుకుంటా, రోజూ హైవే మీదే తిరిగేవాడైతే, ఊళ్ళో గుంటల జోలికి రానివాడైతే, పదహారు తప్పేం కాదు. నాకు ఆ అదృష్టం లేదు, మా వీధి చివర్న మ్యాన్‌హోల్ మూత రోడ్డుకి మూడంగుళాలు పైకి లేచి ఉంటది.

వాడి రెండో పాయింటు ఇంకా కష్టం. "అందం కోసమే కదా మావయ్యా నువ్వు స్ప్రింగులు దింపింది, అప్పుడు లేని నీతి ఇప్పుడెందుకు?" దీనికి జవాబు లేదు. స్ప్రింగులు దింపినప్పుడు కారు ఒరగడం తగ్గుద్ది అని అందరికీ చెప్పా, సగం నిజం, మిగతా సగం ఫెండర్ సందు చూడలేక. అందం తప్పు కాదు. అందం కోసం వేయించుకుని "హ్యాండ్లింగ్ కోసం బ్రో" అని చెప్పుకోవడమే నాకు నచ్చదు.

వానా, వెడల్పూ

వెడల్పు టైరైతే గ్రిప్ ఎక్కువ అని ఇంకో నమ్మకం. టైరు నేలని తాకే జాగా ఎంతనేది ఇంచుమించు రెండిటి మీద ఆధారపడుద్ది, చక్రం మీద బరువు, లోపల గాలి. ముందు చక్రం మీద మూడొందల కిలోలు, గాలి 33 పీఎస్ఐ అనుకుంటే నేలని తాకేది ఓ 130 చదరపు సెంటీమీటర్లు, అరచేయి అంత. వెడల్పు టైరు వేస్తే ఆ అరచేయి పెద్దదవ్వదు, అడ్డంగా తిరుగుద్ది, అంతే. అడ్డంగా తిరిగిన అరచేయి మలుపుల్లో లాభమే, నీళ్ళ మీద మాత్రం నష్టం, ఎందుకంటే ఎదురుగా వచ్చే నీళ్ళని ఇంకా వెడల్పుగా పక్కకి తోయాలి. బరువు లేని కారుకి ఇంకా కష్టం.

నీళ్ళ మీద తేలిపోవడం గురించి నాసా వాళ్ళు 1960ల్లో విమానాల టైర్ల మీద తేల్చిన లెక్కొకటుంది, టైరులో గాలి ఎంతో దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే ఎన్ని నాట్ల (ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు) స్పీడులో టైరు నీటి మీద తేలుద్దో వస్తది. 33 పీఎస్ఐకి దాదాపు 96 కిలోమీటర్లు. గాలి 25కి పడిపోయి ఉంటే 83. కారు టైరుకి అచ్చంగా సరిపోదనుకోండి, కానీ చూడండి, ఆ లెక్కలో సైజే లేదు, గాలి ఉంది. మనమేమో లక్ష రూపాయలు పెట్టి సైజు మారుస్తాం, బంకులో గాలి పట్టించడానికి బద్ధకిస్తాం. పట్టించినా ఆ కుర్రాడు "35 పెట్టేయనా అన్నా?" అంటే అన్ని కార్లకీ అదే అన్నట్టు తలూపుతాం.

చివరికి

నేను మనసులో ఫిక్సయింది 195/60 ఆర్15. ఎత్తు పాతదానితో సమానం, గోడ 117, ఒక్క అంగుళమే పెరుగుదల. ఆటోనగర్‌లో నాలుగు షాపులు తిరిగా. రెండు చోట్ల లేదు, ఒకచోట ఒకే ఒక్క రకం ఉంది, నంబరు చూస్తే రెండేళ్ళ కిందటిది, నాలుగో చోట "ఆర్డర్ పెడితే వారంలో వస్తది సార్, అడ్వాన్సు ఇవ్వండి" అన్నాడు. పోనీ ఆర్డర్ పెట్టి తెప్పించుకున్నా, ఏ నూజివీడు దారిలోనో రాత్రి తొమ్మిదింటికి టైరు చిరిగితే అక్కడ ఎవడిస్తాడు ఈ సైజు?

అప్పుడు భాయ్ అన్నాడు, "అన్నా, ఎర్టిగా టైరు వేసెయ్, ఊరంతా అదే." 185/65 ఆర్15. తర్వాతి తరం స్విఫ్ట్ జెడ్ఎక్స్ఐ, డిజైర్, ఎర్టిగా అన్నీ ఇదే సైజు, కాబట్టి అన్ని కంపెనీలూ చేస్తాయి, గట్టిదీ మెత్తదీ, చవకదీ ఖరీదుదీ అన్నీ దొరుకుతాయి, నెల రెండు నెలల కిందట తయారైన తాజా టైరు చేతిలో పెడతాడు. గోడ 120 మిల్లీమీటర్లు. ఎత్తు ఒక్క శాతం పెరుగుద్ది, అంటే స్ప్రింగులు తిన్న క్లియరెన్సులో మూడున్నర మిల్లీమీటర్లు తిరిగొస్తది. గేరు ఒక్క శాతం బరువెక్కుద్ది, అది నాకు తెలుస్తదని నేను నటించను. రిమ్ములు 2011 తర్వాత వచ్చిన స్విఫ్ట్ జెడ్ఎక్స్ఐవి, సెకండ్ హ్యాండ్ సెట్టు, నాలుగు బోల్టులు కూర్చునే వృత్తం కొలత అదే 100, మధ్య బొక్క అదే 54.1, నట్లు కూడా నావే పట్టాయి. రింగుల్లేవు, గన్ను గోల లేదు, చక్రాలు ఫెండర్ లోపలే బుద్ధిగా కూర్చున్నాయి. కొనేముందు కాటా మీద పెట్టడం మర్చిపోలేదు, టైరుతో కలిపి పదిహేను కిలోల రెండొందల గ్రాములు.

టైరు మాత్రం ఆ సైజులో దొరికే వాటిలో మెత్తగా, తడి రోడ్డు మీద పట్టు బాగుండేదే తీసుకున్నా. ముప్పై వేల కిలోమీటర్లకే అరిగిపోద్ది అని షాపువాడు హెచ్చరించాడు. నేను ఏడాదికి ఆరేడు వేలు కూడా తిరగను, అరిగే లోపే మళ్ళీ రాయైపోద్ది, కాబట్టి గట్టి టైరు కొని ఏం దాచుకోవాలి?

చట్టం సంగతి కూడా ఒకటి. జనవరి 2019లో సుప్రీంకోర్టు చెప్పింది కదా, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ నుంచి బండిని మార్చడం కుదరదు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అని. 2021లో పదిహేనేళ్ళు నిండి ఆర్సీ రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు పాత ఎగ్జాస్టు బిగించుకుని వెళ్ళా, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. టైర్ల గురించి మాత్రం ఆరోజు గుండె దడ లేదు, కంపెనీ సైజే కాబట్టి. ఈ పదిహేనుకి ఆ ధైర్యం పూర్తిగా ఉందని చెప్పలేను. ఇన్సూరెన్సు వాళ్ళకి మెయిల్ పెట్టా, జవాబు కోసం చూస్తున్నా. పాత 14 సెట్టు అమ్మకుండా మళ్ళీ భాయ్ అటక ఎక్కించడానికి అదీ ఒక కారణం. స్టెప్నీకి కూడా 14 రిమ్మే, దాని మీద టైరు మాత్రం కొత్తది వేయించా. పాత దాని నంబరు చూస్తే 2009, డిక్కీలో పదహారేళ్ళు నిద్రపోయింది పాపం, ఒక్కసారి కూడా రోడ్డు చూడలేదు.

కొత్తవి వేయించిన మొదటి ఆదివారం కరకట్ట మీద ఎలా ఉందంటారా? బాగుంది. ఎంత బాగుందో చెప్పను, ఎందుకంటే కొత్త రబ్బరు మొదటి నెల ఎవరి మాటా నమ్మకూడదు, నాది కూడా. ఆరు నెలలు పోనివ్వండి, ఒక వానాకాలం పోనివ్వండి.

మా మేనల్లుడు పోయిన వారం మళ్ళీ వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు, టైరుని కాలితో ఓ తన్ను తన్నాడు, "బానే ఉంది మావయ్యా" అన్నాడు. తర్వాత కారుతో ఫోటో తీసుకున్నాడు, పక్క నుంచి కాదు, ఎదురుగా నిలబడి, చక్రాలు కనపడకుండా.